ఎడంచేతి ముద్ద

శ్రీకాకుళంలో నా పనికి ఇంకా పేరు కుదరలేదు. బోర్డు మీద ఆక్యుపేషనల్ థెరపీ అని పెద్ద అక్షరాలతోనే రాయించాను గానీ, ఆ మాట నోరు తిప్పుకుని పలికినవాళ్ళు చాలా తక్కువ. కింద మందుల షాపతనికి నేను ఫిజియో మేడమ్‌ని. ఆటోవాళ్ళకి పిల్లల్ని ఆడించే మేడమ్‌ని. మా అత్తగారు అడిగినవాళ్ళందరికీ డాక్టరే అని చెప్పేస్తుంది. కాదని నేనంటే, నీకెందుకు ఊరుకో అంటుంది. కూర్చోవడం, నడవడం, మాట్లాడటం, తినడం ఆలస్యమైన చిన్నపిల్లలు నా దగ్గరికి వస్తారు. వాళ్ళ చేత చొక్కా గుండీలు పెట్టిస్తాను, సీసా మూత తిప్పిస్తాను, ఒక గిన్నెలో సగ్గుబియ్యం చెంచాతో ఇంకో గిన్నెలోకి పోయిస్తాను. బయట బెంచీ మీద కూర్చున్న పెద్దవాళ్ళు కిటికీలోంచి చూసి, దీనికా ఆటో ఎక్కి ఇంత దూరం వచ్చాం అన్నట్టు మొహం పెడతారు. నేను పట్టించుకోను. గుండీ పెట్టుకోవడం రానివాడికి తెలుస్తుంది గుండీ అంటే ఏమిటో.

ఆ పిల్లని తీసుకొచ్చేది తాత. పాత బజారులో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం ఆయనది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట బొట్టు, ఎప్పుడూ ఒంటి మీద బెల్లం వాసన. మోపెడ్ మీద ముందు పిల్లని నిలబెట్టుకుని, నాగావళి వంతెన దాటి వచ్చేవాడు. వర్షమని, దుకాణంలో లోడు దిగుతోందని ఒక్కసారి కూడా మానలేదు. పిల్ల తండ్రి సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు. తల్లికి చంకలో ఇంకో పసివాడు. అందుకని తాతే వచ్చేవాడు, వచ్చి కిటికీ పక్కనే కూర్చునేవాడు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటుంటే ఈయన మాత్రం సినిమా చూసినట్టు మమ్మల్నే చూసేవాడు.

పిల్లకి నాలుగేళ్ళు నిండాయి. పుట్టగానే ఏడవలేదట, ఆలస్యంగా ఏడ్చిందట. ఆ ఆలస్యం కుడివైపు చేతిలోనూ కాలిలోనూ మిగిలిపోయింది. కుడిచేతి పిడికిలి బిగించి, బొటనవేలు లోపల దాచుకుని, మోచెయ్యి ఒంటికి ఆనించుకునేది. నడిస్తే కుడికాలు కొంచెం ఈడ్చేది. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఇంక ఆగలేదు. ఎడంచెయ్యి మాత్రం మహా చురుకు. పళ్ళెం నిండా కందిపప్పు పోసి అందులో మిరియాలు కలిపితే, నేను చెప్పడం పూర్తయ్యేలోపే ఏరి నా ఒళ్ళో పడేసేది. పడేసి, అయిపోయిందా, ఇంకేటి అనేది.

మొదటిరోజే తాత తనకేం కావాలో చెప్పేశాడు. నడక కొంచెం వంకరగా ఉన్నా పర్వాలేదట, మాట నెమ్మదిగా వచ్చినా పర్వాలేదట. కుడిచేత్తో అన్నం తినాలి. అంతే. ఇంకేమీ అక్కర్లేదన్నాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. మెదడులో ఎడమవైపు దెబ్బ తగిలితే కుడి చెయ్యి ఇలా అవుతుందని, ఆ పిల్ల ఎడంచెయ్యి వాడటం అలవాటు కాదని, తనకి ఉన్న దారి అదేనని. కుడిచేతికి సాయం చేయడం నేర్పిద్దామన్నాను. ఎడంచెయ్యి పని చేస్తుంటే కుడి చెయ్యి గిన్నె కదలకుండా పట్టుకోవాలి, కాగితం జారకుండా ఆపాలి. ఆయన బుద్ధిగా తలూపాడు. బజారులో బేరం చేసేవాళ్ళు అలాగే తలూపుతారని నాకు తర్వాత తెలిసింది. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

ఆయన్ని తప్పుపట్టేంత గొప్ప ఇంట్లో నేనూ పుట్టలేదు. మాది విజయనగరం దగ్గర చర్చికి వెళ్ళే కుటుంబం. మాకు మడీ లేదు, పంక్తీ లేదు. అయినా నేను ఎడంచేత్తో బిస్కెట్టు అందుకుంటే మా అమ్మ నెత్తి మీద మొట్టేది. ఎందుకు మొడుతున్నావని అడిగితే, ఎందుకేంటి, ఎడం చెయ్యి గనక అనేది. మా ఆదివారం బడిలో కానుక వేసేటప్పుడు కూడా టీచరు చేతులు చూసేది. ఈ విషయంలో మా జిల్లాలో అన్ని మతాలూ ఒక్కటే.

పని మొదలుపెట్టాం. పూరీపిండి ముద్ద చేసి కుడి పిడికిట్లో పెట్టేదాన్ని. దాన్ని వదిలించుకోవడానికైనా వేళ్ళు తెరుచుకోవాలి కదా. జంతికల గొట్టం తెచ్చాను, దానికి రెండు చేతులూ కావాలి. బెలూన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని గది చుట్టూ నడిపించాను. నెలలు గడిచాక ఒకరోజు, దాహం వేసి, నన్ను అడక్కుండా నీళ్ళ సీసాని కుడిచేత్తో పొట్టకి అదిమిపట్టి, ఎడంచేత్తో మూత తిప్పి తాగేసింది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కిటికీ తలుపు తోసి చూశారా అని అరిచాను. తాత చూశాడు. మూత తీసింది ఎడం చెయ్యే కదమ్మా అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే దిగులు ఉంది.

అసలు సంగతి బడి. వాళ్ళ వీధి చివర చిన్న ప్రైవేటు బడి ఒకటి ఉంది. ఆ బజారులో పిల్లలందరూ అక్కడికే వెళ్తారు. అంతకుముందు జూన్‌లోనే ఈ పిల్లని చేర్పించాల్సింది. చెయ్యి వచ్చాక వేద్దామని తాత ఆపేశాడు. మళ్ళీ జూన్ వస్తోంది. ఆ బడిలో మధ్యాహ్నం పిల్లలందరూ వరండాలో వరసగా కూర్చుని, క్యారేజీలు విప్పుకుని తింటారు. ఆయన భయమంతా ఆ వరస మీదే.

"నలుగుర్లో ఎడం సేత్తో ముద్ద ఎత్తితే ఏటంటారమ్మా? పెంపకం నేదంటారు. రేపు పెళ్ళిళ్ళలో పంక్తిలో దీని పక్కన ఎవులు కూకుంటారు?"

అప్పుడు నేనేదో అన్నాను, పిల్లలకి అవన్నీ తెలీవని, కాలం మారిందని. కాలం మారిందనేది మనం జవాబు దొరకనప్పుడు వాడే మాట. ఆయనకీ అది తెలుసు. పిల్ల మాత్రం ప్రతిసారీ నా దగ్గర బడి ఆటే ఆడేది. బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి, నోరు ముయ్యండి, సారొస్తన్నారు అని బెదిరించేది. బడికి ఎప్పుడెళ్తావని అడిగితే తాతవైపు చూసేది.

ఎండలు ముదిరాక ఒకరోజు తాత నవ్వుతూ వచ్చాడు. అంతకుముందు ఆయన పళ్ళు నేను చూడలేదు. చెప్పులు విడవకముందే ఫోన్ తీసి వీడియో చూపించాడు. పిల్ల వాళ్ళింటి వంటగదిలో పీట మీద కూర్చుని ఉంది, ముందు పప్పన్నం. కుడి చెయ్యి కంచంలోంచి పైకి లేచి నోటిదాకా వెళ్ళింది. మెతుకులు నోట్లో పడ్డాయి. వెనక నుంచి నానమ్మ గొంతు, మా తల్లే, మా బంగారే అంటూ. తాత నా మొహం చూస్తున్నాడు.

నేను మళ్ళీ పెట్టమన్నాను. మా పనిలో వీడియో చూస్తే ముందు పిల్ల కళ్ళు చూస్తాం. తన చేతిని తనే లేపుతున్న పిల్ల కంచాన్ని చూస్తుంది, లేకపోతే ముద్దని చూస్తుంది. ఈ పిల్ల గోడని చూస్తోంది. మోచేతి కింద రెండు వేళ్ళు కనిపించాయి, ఎవరివో పెద్దవాళ్ళవి. చెయ్యి దానంతటది లేవట్లేదు, ఎవరో లేపుతున్నారు. అదీ నాకు కొత్త కాదు, చాలామంది ఇళ్ళలో చేస్తారు. నన్ను ఆపింది ఇంకొకటి.

"ఎడం చెయ్యేది?" అన్నాను.

ఆయన దాచలేదు. దాచాల్సిన విషయమని ఆయనకి అనిపించనే లేదు. నానమ్మ పాత చీర చింపి, మెత్తటి పేలికతో, గౌను లోపలినుంచి ఎడంచెయ్యి నడుముకి కడుతోందట. అన్నం వేళకే కడతారు, తినగానే విప్పేస్తారు. దెబ్బ లేదు, తిట్టు లేదు. పైగా ఇది వాళ్ళ సొంత ఆలోచన కూడా కాదు. ఫోన్‌లో ఎవరో విదేశీ డాక్టర్లు బాగున్న చేతికి తొడుగు వేసి, బాగోలేని చేత్తో పని చేయిస్తుండగా చూశాడట. అచ్చం మన పెద్దలు చెప్పినట్టే ఉందమ్మా అన్నాడు, ఎంతో సంబరంగా.

నాకు ఒళ్ళు మండింది. ఆ పద్ధతి ఉన్న మాట నిజమే. ఆటలో, కాసేపు, పిల్ల నవ్వుతూ ఉండగా, నేర్చుకున్నవాళ్ళు చేయించే పద్ధతి అది. చేతికి సాయం చేయడం నేర్పడానికి చేస్తారు, మర్యాద నేర్పడానికి కాదు. ఆకలి మీదున్న పిల్లకి అన్నం ముందు కూర్చోబెట్టి చెయ్యి కట్టేయడం ఏ దేశపు డాక్టరూ చెప్పడు. ఇదంతా ఆయన మీద అరవాలనే నోరు తెరిచాను. ఈలోగా పిల్లవైపు చూశాను.

బల్ల మీద సగ్గుబియ్యం గిన్నె ఉంది, తనకి అన్నిటికన్నా ఇష్టమైన ఆట. ముట్టుకోలేదు. చాప మీద కూర్చుని, ఎడంచేతిని తన తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చుంది. నా గదిలో దాని చెయ్యి ఎవరూ కట్టలేదు. ఆడుకోమ్మా అంటే, తాత ఉన్నారు కదా అంది.

అరుపు నోట్లోనే ఆగిపోయింది. మాకు కాలేజీలో ఒకటి నేర్పుతారు, తల్లిదండ్రుల ముందు రాదు అనే మాట వాడకూడదని. చూద్దాం, ప్రయత్నిద్దాం, కొంత మెరుగవుతుంది, ఇలాంటి మాటలు మా దగ్గర కట్టలు కట్టలు ఉంటాయి. ఆ పూట అవేవీ వాడలేదు. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"తాతగారూ, ఆ కుడి చెయ్యి గిన్నె పట్టుకుంటుంది, పుస్తకం ఆపుతుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం దానికి రాదు. ఇంకో ఏడాది ఆగినా రాదు. మీరు కడుతున్నది ఆ పిల్లకి ఉన్న చేతిని."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. రామతీర్థం కొండకి మొక్కుకున్నామమ్మా అన్నాడు చివరికి, చెయ్యి వస్తే మెట్లన్నీ దాని చేత ఎక్కిస్తామని. మొక్కు మానక్కర్లేదు, కట్టు మానండి అన్నాను. నా గొంతు కటువుగానే ఉండి ఉంటుంది. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, ఇప్పటికీ లేదు. ఆయన పిల్లని ఎత్తుకున్నాడు. ఎప్పుడూ మెట్లు దానంతటదే దిగాలని పట్టుబట్టే మనిషి, ఆ రోజు ఎత్తుకుని దిగాడు.

తర్వాతి అపాయింట్‌మెంటుకి రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. ఫోన్ చేయమని మా రిసెప్షన్ అమ్మాయి రెండుమూడుసార్లు గుర్తు చేసింది, వద్దన్నాను. బతిమాలి పిలిపిస్తే నేనన్న మాట నేనే వెనక్కి తీసుకున్నట్టవుతుంది. అయినా ఆ టైము ఇంకొకరికి ఇవ్వలేదు. గిన్నెలు సర్దుకుంటూ కూర్చున్నాను. బాధేసింది, అబద్ధమెందుకు.

చివరికి తల్లి వచ్చింది, ఆటోలో, ఒక చంకన పసివాడు, ఇంకో చేత్తో ఈ పిల్ల. అంతకుముందు ఆమె గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. ఇంట్లో చెయ్యి కట్టడం మానేశారని చెప్పింది. కట్టడంతో పాటు మామగారు ఇంకొకటి కూడా మానేశారట. పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచి తాతా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని తినేవారు. ఇప్పుడు పిల్ల తినేసి లేచాక గానీ ఆయన పీట వాల్చుకోవట్లేదు. తిట్టరు, కసరరు, ఆ పక్కకే రారు. పిల్ల కంచం పట్టుకుని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ కూర్చుని, తాతా రా అని పిలిచి పిలిచి, చల్లారిన అన్నంతో తిరిగొస్తోందట.

"మీ మాటయితే ఇంటారు. బడి సంగతి ఓ పాలి మీరే సెప్పండి మేడమ్" అంది.

చెప్పనన్నాను. నేను చేతుల గురించి చెప్పగలను, ఇంటి గురించి ఇంట్లోవాళ్ళే చెప్పాలి. పిల్లకి కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదని, అంచు ఎత్తుగా ఉన్న పళ్ళెం కొనమని, కుడి పిడికిలి అంచుకి ఆనించమని చూపించాను. ఆమె అన్నీ శ్రద్ధగా విని, పసివాణ్ణి ఎత్తుకుని లేచింది. నా జవాబుకి ఆమె మనసు నొచ్చుకుందని తెలుస్తూనే ఉంది. ఏం చేయను, నేను వెళ్ళి చెబితే అది మేడమ్ మాట అవుతుంది, ఆమె మాట ఎప్పటికీ అవదు.

బళ్ళు తెరిచిన రోజు ఆమె ఎవరినీ అడక్కుండా పిల్లకి తల దువ్వి, యూనిఫారం లేకపోతే ఉన్న గౌనే తొడిగి, తీసుకెళ్ళి చేర్పించేసింది. ఈ సంగతి నాకు చెప్పింది ఆ బడి టీచరు, ఫోన్‌లో. మామగారు అవునని అనలేదట, కాదనీ అనలేదట, దుకాణానికి వెళ్ళిపోయాడట. తల్లి దగ్గర నా నంబరు తీసుకుని టీచరు ఫోన్ చేసింది వేరే పని మీద. పిల్లకి బెంచీ ఎత్తు సరిపోవట్లేదు, ఎలా కూర్చోబెట్టాలో వచ్చి చూడమంది. ఇంకా ఏదో చెప్పాలని నసిగింది. నేను గుచ్చి అడిగితే చెప్పింది. భోజనాల దగ్గర పిల్లలు దీని పక్కనుంచి జరిగిపోతున్నారట, ఛీ ఎడంచెయ్యి అని. పిల్ల ఏడవదు, పోట్లాడదు, క్యారేజీ మూత తీయదంతే. నిండు క్యారేజీ ఇంటికి తిరిగి వెళ్తోంది. ఇలాగే అయితే తాతగారు మాన్పించేస్తారేమో అని తల్లి ఏడుస్తోందట.

మరుసటివారం వెళ్ళాను. టీచరు మంచిదే, చిన్న వయసు, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకుంది. బెంచీ చూశాం, కాళ్ళ కింద చెక్క పెట్టాలని చెప్పాను. పిల్లని భోజనానికి స్టాఫ్ రూములో తనతో కూర్చోబెట్టుకోనా, ఎవరూ ఏమీ అనరు కదా అని అడిగింది. వద్దన్నాను. ఇంట్లో గుమ్మం దగ్గర ఒక్కతే తింటోంది, బడిలో కూడానా అన్నాను. టీచరు మొహం చిన్నబోయింది. ఇంతలో భోజనం గంట కొట్టారు.

వరండాలోకి వచ్చేసరికి పిల్లలు అప్పటికే వరసగా కూర్చున్నారు. ఆ వరస మధ్యలో తెల్ల పంచె. టీచరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన అంతకుముందెప్పుడూ బడి గేటు దాటి రాలేదట. క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోవడానికి వచ్చాడేమో అనుకుందట.

ఆయన వెళ్ళలేదు. బాసింపట్టు వేసుకుని, మనవరాలి పక్కన, పిల్లలందరూ జరిగిపోగా మిగిలిన ఖాళీలో కూర్చున్నాడు. ముందు రెండు కంచాలు పెట్టాడు, రెండింట్లోనూ అన్నం, పప్పు వడ్డించాడు. కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎడం చెయ్యి కంచంలో పెట్టి కలపడం మొదలుపెట్టాడు.

అంత అవస్థగా అన్నం తిన్న పెద్దమనిషిని నేను చూడలేదు. ఆ వేళ్ళకి కలపడం తెలీదు. పప్పు ఒకవైపు, అన్నం ఒకవైపు పోయాయి. ముద్ద చేస్తే విడిపోయింది. ఎత్తితే సగం దారిలో జారి పంచె మీద పడింది. కంచం కూడా జరుగుతోంది, కుడి చెయ్యి తీసి పట్టుకుందామని ఆయనకి తోచలేదు, లేదా తోచినా తీయలేదు. గడ్డానికి పప్పు అంటింది. ఎదురు వరసలో పిల్లలు నవ్వారు. ఆయన తల ఎత్తలేదు. మెడ మీద నరం ఉబ్బి కనిపించింది. సిగ్గుతో ఆ మనిషి చచ్చిపోతున్నాడని వరండా ఈ చివరినుంచి నాకు తెలుస్తూనే ఉంది.

మనవరాలు కాసేపు ఆయన చేతినే చూసింది. తర్వాత తన కంచం అంచుకి కుడి పిడికిలి ఆనించి, ఎడంచేత్తో ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. ఎన్నాళ్ళ ఆకలో, గబగబా తింది.

ఎదురుగా రెండు జడల పిల్ల ఒకతి తన డబ్బా పట్టుకుని లేచి వచ్చి, ఆయన ముందు నిలబడింది. తాతా, నువ్వు పెద్దోడివి కదా, నువ్వు కూడా ఆ చేత్తోనే తింతావేటి అని అడిగింది. వరండా అంతా చెవులు రిక్కించింది. ఆయన నోట్లో ఉన్నది నమిలి మింగి, ఇంకో ముద్ద కోసం ఎడంచెయ్యి కంచంలో పెట్టాడు.

"మా ఇంట్లో ఇలగే తింతామమ్మా" అన్నాడు.

అలాగా అంది ఆ పిల్ల. కొంచెంసేపు నిలబడి, ఇంతేనా అన్నట్టు అక్కడే చతికిలబడి డబ్బా మూత తీసింది. పలకరిద్దామా అని టీచరు అడిగింది. వద్దన్నాను. నన్ను చూస్తే ఆయన మర్యాదకి లేచి నిలబడతాడు. వెనక గేటులోంచి బయటికి వచ్చేశాను.